ప్రయాణాల్లో తిన్నది గుర్తుండదు, ఇంటి వంట చప్పగా ఉంటుంది: నా భోజనానికి ఏమైంది?

ప్రశ్న

సభ్యులందరికీ నమస్కారం. ఉద్యోగరీత్యా నేను నెలలో పది పన్నెండు రోజులు ఇతర నగరాల్లో గడపవలసి వస్తోంది. భోజనం మీద నాకు మొదటినుంచీ మక్కువ ఎక్కువ. కొత్త ఊరికి వెళితే అక్కడి వంట రుచి చూడాలన్న ఉత్సాహం ఎన్నడూ తగ్గలేదు. అయితే రెండేళ్లుగా ఒక మార్పు గమనిస్తున్నాను. ప్రయాణాల్లో మూడు పూటలా కడుపునిండా తింటున్నాను గాని, ఏం తిన్నానో మరునాటికి గుర్తుండడం లేదు. ఇంటికి వచ్చాక మొదటి రెండు మూడు రోజులు ఇంటి వంట చప్పగా తోస్తోంది.

పోయిన వారం జరిగిన సంగతి చెబుతాను. రాత్రి తొమ్మిదింటికి ఇల్లు చేరాను. నాకు ఇష్టమని నా భార్య ఒక కూర ప్రత్యేకంగా వండి, నేను వచ్చేదాకా తానూ తినకుండా కూర్చుంది. నేను రెండు ముద్దలు తిని ఉప్పు డబ్బా వైపు చేయి చాచాను. ఆమె ఏమీ అనకుండా డబ్బాను నా దగ్గరకు జరిపింది. ప్రతిసారీ "ఎలా ఉంది?" అని అడిగే మనిషి ఆ రాత్రి అడగలేదు. అది ఇప్పటికీ నా మనసులో మెదులుతూనే ఉంది.

బయట తినడం మానుకోవడం నాకు కుదరదు, కుదిరినా ఇష్టం లేదు. ప్రయాణంలోనూ ఇంట్లోనూ కూడా భోజనాన్ని నిజంగా ఆస్వాదించడానికి మీలో ఎవరైనా ఒక పద్ధతి కుదుర్చుకొని ఉంటే దయచేసి తెలియజేయండి.

మొదటి జవాబు

నమస్కారం. నేను ఆహారశాస్త్రం బోధిస్తాను. మీ నాలుక చెడిపోలేదు, ఎక్కువ ఉప్పుకు అలవాటు పడింది, అంతే. బయటి వంటశాలల్లో మొదటి ముద్దకే మెప్పించాలన్న ఉద్దేశంతో ఉప్పు, కొవ్వు, తీపి సాధారణంగా ఇంటికన్నా ధారాళంగా పడతాయి. పెద్దవారికి రోజు మొత్తానికి 5 గ్రాముల లోపు, అంటే సుమారుగా ఒక టీస్పూను ఉప్పు చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. బయటి భోజనంలో ఈ పరిమితి ఒక్క పూటకే దాటిపోవచ్చు. ఉప్పు తగ్గించి తినేవారికి కొన్ని వారాలు గడిచాక ఆ తక్కువ ఉప్పే ఇంపుగా ఉంటుంది. కానీ మీరు ఆ వారాలు పూర్తికాకముందే మళ్లీ పెట్టె సర్దుకుంటున్నారు. కాబట్టి ఇంటి కూరలో ఉప్పు పెంచడం కన్నా ప్రయాణంలో తినే దాన్నే ఇంటి దారికి తేవడం మేలు. ఉప్పు తగ్గించి వండమని, పైన పోసే పులుసులూ పచ్చళ్లూ విడిగా ఇమ్మని అడగండి. మర్యాదగా అడిగితే చాలాచోట్ల కాదనరు.

విమానంలో తినే భోజనాన్ని లెక్కలోంచి తీసివేయండి. క్యాబిన్ గాలిలో తేమ సాధారణంగా 20 శాతం కన్నా తక్కువ. పీడనం 1,800 నుంచి 2,400 మీటర్ల ఎత్తైన కొండమీద ఉన్నట్టు ఉంటుంది. ఆ పొడి గాలికి ముక్కు లోపలి పొర ఎండిపోతుంది. మనం రుచి అనుకునే దానిలో పెద్ద భాగం వాసనే, అది నమిలేటప్పుడు గొంతు వెనుక నుంచి ముక్కుకు చేరుతుంది. ఆ దారి మందగిస్తే ఎంత మంచి వంటైనా సగమే తెలుస్తుంది. దీనికి తోడు పెద్ద చప్పుడులో తీపి తక్కువగా తెలుస్తుందని, ఉమామి, అంటే టమాటా, పుట్టగొడుగుల వంటివాటిలో ఉండే కమ్మని రుచి, మాత్రం నిలబడుతుందని ప్రయోగాల్లో తేలింది. 1908లో జపాను రసాయన శాస్త్రవేత్త కికునాయె ఇకెడా గుర్తించి ఆ పేరు పెట్టిన రుచి అది. నేలమీద టమాటా రసం ముట్టనివారు కూడా ఆకాశంలో అడిగి తాగడానికి ఇదొక కారణం. అక్కడ ఆకలి తీరేంత తిని, నీళ్లు బాగా తాగి, అసలు భోజనాన్ని దిగిన తరువాతికి ఉంచుకోండి.

అలా ఉంచుకున్న భోజనం అర్ధరాత్రికి జరగకుండా చూసుకోండి. ఒకే భోజనం పగలు తిన్నప్పటికన్నా రాత్రి తిన్నప్పుడు రక్తంలో చక్కెరను ఎక్కువగా పెంచుతుంది. మరునాడు పొద్దున ఆకలి కూడా సరిగా వేయదు. ఆకలి లేని చోట రుచి గురించి మాట్లాడుకోవడం వృథా.

రెండవ జవాబు

పై సభ్యులు చెప్పిన శాస్త్రం సరైనదే. నేను పంతొమ్మిదేళ్లుగా అమ్మకాల పనిమీద తిరుగుతున్న మనిషిని కాబట్టి, అనుభవంలో తేలింది చెబుతాను.

నేను తిన్నది గుర్తుండకపోవడానికి మొదటి కారణం బస చేసిన హోటళ్లలో పొద్దున పెట్టే బఫే. ముప్పై పాత్రల ముందు నిలబడి, అన్నీ కొంచెం కొంచెం వడ్డించుకొని, వార్తలు చూస్తూ తినేవాడిని. ఒక పదార్థం తింటున్న కొద్దీ దానిమీద ఇష్టం తగ్గుతుందని, పక్కనున్న వేరే రుచిమీద మాత్రం తగ్గదని 1980ల తొలినాళ్లలోనే ఆహారపు అలవాట్లను పరిశోధించే బార్బరా రోల్స్ బృందం చూపించింది. కడుపు నిండినా చేయి కొత్త పాత్రవైపు వెళ్లేది అందుకే. ఇప్పుడు నేను పళ్లెం తీసుకోకుండా ముందు ఒకసారి అన్నిటినీ చూసి వస్తాను. తరువాత రెండే రెండు పదార్థాలు ఎంచుకొని, కూర్చొని తింటాను.

రెండో కారణం వ్యాపార విందులు. అక్కడ మన మనసు ఎదుటివారి మాటమీద ఉంటుంది, ఉండాలి కూడా. ఆ విందులో రుచి కోసం వెతకడం మానేశాక నాకు చాలా తేలిక అయింది. సాయంత్రం ఒక పండు తిని వెళతాను, విందులో మితంగా తింటాను. దానికి బదులు ప్రయాణంలో రోజుకు ఒక్క పూట, ఎక్కువగా మధ్యాహ్నం, నాదిగా పెట్టుకుంటాను. ఆ పూట ఒంటరిగా, ఫోను సంచిలో పెట్టి, నచ్చిన చోట ఒకే ఒక వంటకం తింటాను. సమావేశాల పట్టిక తయారయ్యేటప్పుడే ఆ ముప్పావుగంట రాయించుకోవాలి, లేకపోతే దొరకదు.

అలాంటి ఒక పూట నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంది. నాలుగు బల్లలే ఉన్న చిన్న చోట, వంటగది తలుపు పక్కన కూర్చుని ఉల్లిపాయల సూపు తాగాను. ముదురు గోధుమరంగులో, తియ్యగా, అడుగున కొద్దిపాటి చేదుతో ఉంది. చక్కెర వేశారా అని వంటాయనను అడిగితే లేదన్నాడు. లోపలికి పిలిచి, సన్నని మంటమీద ముప్పావుగంటగా మగ్గుతున్న ఉల్లిపాయల బాణలి చూపించాడు. అడుగు అంటుతున్నప్పుడల్లా చెంచాడు నీళ్లు చల్లి, గీకి కలుపుతున్నాడు. ఉల్లిలోని చక్కెరలు, అమైనో ఆమ్లాలు వేడికి కలిసి ఆ రంగును, వాసనను ఇస్తాయని, 1912లో ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ కమీ మయార్ వివరించిన చర్య అదేనని తరువాత చదివాను. ఇంటికి వచ్చిన ఆదివారం అదే చేశాను. ప్రయాణంలో తిన్నది ఇంటి పొయ్యిమీదకు వచ్చాక ఇక మరచిపోవడం జరగలేదు.

మూడవ జవాబు

అన్నయ్యగారూ, నేను మీ వంటి ప్రయాణికుడి కోసం ఎదురుచూసే వైపు నుంచి రాస్తున్నాను. ఉప్పు గురించి మొదటి సభ్యులు చెప్పింది ఒప్పుకుంటాను గాని, ఆ రాత్రి మీ ఇంట్లో జరిగినదానికి ఉప్పు ఒక్కటే కారణమని నేను అనుకోను.

మీరు తొమ్మిదింటికి వస్తారని తెలిసి ఆమె ఏడు, ఏడున్నరకే వండి ఉంటారు. కూర దించిన గంటన్నరకు పైమీది వాసన పోతుంది. మళ్లీ వేడిచేస్తే ముక్కలు మెత్తబడతాయి. పైగా వండినది రెండు గంటలకు మించి బయట ఉంచకూడదు, ఉంచితే 60 డిగ్రీలకు పైన వేడిగా ఉంచాలి, తిరిగి కాచేటప్పుడు 70 డిగ్రీలు దాటేలా కాచాలి అన్న జాగ్రత్త ఉంది కాబట్టి, ఆలస్యమైన ప్రతిసారీ మేము ఆ కూరను మరగబెడుతూనే ఉంటాం. అంటే మీ ముందుకు వచ్చేసరికి ఆ వంట తన మంచి సమయం దాటిపోయి ఉంటుంది.

మా ఇంట్లో మేము చేసుకున్న మార్పు చిన్నదే. ఆయన వచ్చే రోజు కూరగాయలు తరిగి, అన్నీ సిద్ధం చేసి ఉంచుతాను గాని పొయ్యి వెలిగించను. ఆయన స్నానం చేసి వంటింట్లోకి వచ్చాకే మొదలుపెడతాము. ఆయన కలుపుతారు, నేను చూస్తాను. ఇరవై నిమిషాల పని. మూత తీసినప్పుడు ఆవిరి ఆయన ముఖానికే మొదట తగులుతుంది, అప్పటికే ఆకలి లేస్తుంది. ఉప్పు కూడా పొయ్యిమీద ఉండగానే ఇద్దరం రుచిచూసి సరిచేస్తాము కాబట్టి డబ్బా బల్లమీదకు రావలసిన పని ఉండదు. ఆ మొదటి రాత్రికి పెద్ద వంటలు పెట్టుకోము. ఒక కూర, అన్నం చాలు.

మరొక్క మాట. వండినవారు పళ్లేన్ని చూడరు, తినేవారి ముఖాన్ని చూస్తారు. రెండు ముద్దలు నిదానంగా తిని, ఏది బాగుందో పేరుపెట్టి చెప్పండి. ఉప్పు తక్కువైతే ఆ తరువాత చెప్పినా ఎవరూ నొచ్చుకోరు.

ప్రశ్న అడిగిన వారి నుంచి

ముగ్గురికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. మీ జవాబులు చదివాక ఒక ప్రయాణం పూర్తయింది కాబట్టి ఏం జరిగిందో రాస్తున్నాను.

నాలుగు రోజుల్లో మూడు రోజులు మధ్యాహ్నం నా పూట నాకు దొరికింది. మూడింటిలోనూ ఏం తిన్నానో ఇప్పుడు చెప్పగలను; వాటిలో ఒకటి బాగుండలేదు, అది కూడా గుర్తుంది. విందుల్లో తగ్గించి తినడం మొదటిరోజు ఇబ్బందిగా ఉన్నా, ఎదుటివారు పట్టించుకోలేదని తెలిసింది. తిరుగు విమానంలో సగం తిని వదిలేశాను.

ఇల్లు చేరేసరికి ఎనిమిదిన్నర. ముందుగానే ఫోనుచేసి, వండవద్దని, నేను వచ్చాక కలిసి వండుదామని చెప్పాను. ఆమెకు మొదట నమ్మకం కుదరలేదు. ఆ రాత్రి కూర నేనే కలిపాను. ఉప్పు వేసేముందు గరిటెతో కాస్త తీసి ఆమెకు ఇచ్చి, ఆమె చాలునన్నదాకా ఆగాను. నాకు ఇంకొంచెం పడవచ్చునేమో అనిపించింది గాని వేయలేదు. నాలుగో ముద్దకు ఆ లోటు తెలియకుండా పోయింది.

నిన్న ఆదివారం రెండవ సభ్యులు చెప్పిన ఉల్లిపాయల సూపు ప్రయత్నించాను. అరగంటకే ఓపిక చాలక దించేశాను. ఆమె రెండు చెంచాలు తాగి, తీపి వచ్చింది గాని రంగు రాలేదని, ఇంకా మగ్గాలని చెప్పింది. ఆ మాట నిజమే, పచ్చివాసన నాకూ తగిలింది. వచ్చే ఆదివారం బాణలి దగ్గర ఆమె నిలబడతానంది, నీళ్లు చల్లి అడుగు గీకే పని నాది.