క్యూరియాసిటీ చక్రాలకు చిల్లులు: డిజైన్ తప్పేనా?

యేర్పేడు_కుర్రాడు:
హాస్టల్లో నిన్న దీని మీద పెద్ద గొడవ. 2012లో మార్స్ మీద దిగిన నాసా రోవర్ క్యూరియాసిటీ అల్యూమినియం చక్రాలకు ఏడాది దాటగానే చిల్లులు కనబడ్డాయి. రేకు మందం 0.75 మిల్లీమీటర్లే. దాదాపు 900 కిలోల బండికి అంత పల్చటి రేకా? నా లెక్కన ఇది డిజైన్ తప్పు. రూమ్మేట్ మాత్రం అక్కడి ఉప్పు మట్టే తినేసిందంటాడు.

క్యారేజ్_షాప్_రిటైర్డ్:
బాబూ, ముందు మీ రూమ్మేట్ సంగతి తేల్చేద్దాం. మార్స్ మట్టిలో పెర్‌క్లోరేట్ లవణాలు ఉన్నాయని 2008లో నాసా ల్యాండర్ ఫీనిక్స్ కనిపెట్టిన మాట నిజమే. కానీ తుప్పుకు తడి కావాలి. అక్కడి గాలి మన గాలిలో నూరో వంతు ఒత్తిడి కూడా ఉండదు, అందులోనూ 95 శాతం కార్బన్ డయాక్సైడే. అంటే తడీ నిలవదు, ఆక్సిజనూ దాదాపు లేనట్టే. ఫోటోలు చూడు, రేకు చీలి, వంగి ఉంది. అది రాయి పొడిచిన గుర్తు. నేలలో పాతుకుపోయి, గాలికి అరిగి మొనదేలిన రాళ్లవి. ముందు చక్రం రాయి ఎక్కేటప్పుడు వెనక చక్రాలు నెడతాయి. రాయి కదలదు, రేకే లొంగుతుంది. దానికి తోడు ఫెటీగ్. చక్రం తిరిగిన ప్రతిసారీ రేకు వంగి లేచి, పగులు పాకుతుంది.

రైలు చక్రం అరిగితే మేం లేత్ మీద పెట్టి ప్రొఫైల్ మళ్లీ తిప్పేవాళ్లం. అక్కడ లేత్ ఎవడు పెడతాడు? మందం పెంచాల్సిందే.

గాదంకి_రాడార్:
సార్, ఒక్కసారి లెక్క వేద్దాం. చక్రం వ్యాసం 50 సెం.మీ., వెడల్పు 40 సెం.మీ. ఒక్క మిల్లీమీటర్ మందం పెంచితే చక్రానికి సుమారు 1.7 కిలోలు, ఆరింటికీ పది కిలోలు. ఆ పది కిలోల కోసం ఏ పరికరం తీసేయమంటారు? బండి దిగేది కూడా ఆ చక్రాల మీదే, ఆ బరువుకు సస్పెన్షనూ గట్టిపడాలి. వాళ్లేం చేశారు? దారి చూసుకుని నడిపారు, గరుకు చోట వెనక్కి నడిపారు, 2017లో చక్రాల వేగం సర్దే సాఫ్ట్‌వేర్ పంపారు. ఒక మార్స్ సంవత్సరం, అంటే 687 రోజులు పనిచేస్తే చాలనుకున్న బండి 2025లోనూ నడిచింది!

సూళ్లూరుపేట_నుంచి:
తుప్పు భయమంతా మా వైపే ఉందన్నా. శ్రీహరికోట సముద్రపు గాలికి గేటు బోల్టులే నిలవవు. బండి భూమి దాటాక తుప్పు భయం చాలావరకు పోతుంది, అరుగుదల మొదలవుతుంది. చంద్రుడి మీద ఇంకా ఘోరం. గాలీ నీరూ లేక దుమ్ము రేణువుల మొనలు అరగవు, గాజుపెంకుల్లా బేరింగుల్లోకి, సీళ్లలోకి దూరతాయి. చంద్రయాన్-3 రోవర్ ప్రజ్ఞాన్ 2023లో నడిచింది సుమారు 100 మీటర్లే, అది పరీక్ష కాదు. కిలోమీటర్లు తిరిగే బండి పంపేటప్పుడు ఇది తేలుతుంది.

యేర్పేడు_కుర్రాడు:
మరి 2021లో మార్స్ మీద దిగిన తర్వాతి రోవర్ పర్సెవరెన్స్‌కు రేకు దాదాపు రెట్టింపు మందం చేశారు కదా? చక్రం మీద నేలను పట్టుకునే 24 గట్లు తీసేసి మెల్లగా వంపు తిరిగిన 48 పెట్టారు. తప్పు కాకపోతే ఎందుకు మార్చినట్టు?

గాదంకి_రాడార్:
వెడల్పు తగ్గించారు, అది చెప్పలేదేం? మందం పెంచాలంటే వేరేచోట కోత పెట్టాల్సిందే. పైగా అలాంటి రాళ్లు ఉంటాయని క్యూరియాసిటీ వెళ్లాకే తెలిసింది.

క్యారేజ్_షాప్_రిటైర్డ్:
తెలియని నేల మీదికి పంపేటప్పుడే కదయ్యా రేకు మందంగా ఉండాల్సింది!