తాళం తిప్పితే టిక్‌టిక్ అంటోంది, ఇంజిన్ తిరగట్లేదు: బ్యాటరీనా, సెల్ఫా?

నల్లరేగడి
పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, మాన్యువల్ గేరు, 35 యాంపియర్ అవర్ బ్యాటరీ, వయసు మూడేళ్లు. తాళం తిప్పితే టిక్‌టిక్‌టిక్ అని వరసగా చప్పుడు, ఇంజిన్ మాత్రం కదలదు. డాష్‌బోర్డు లైట్లు వెలుగుతున్నాయి, హారన్ మోగుతోంది. అంటే బ్యాటరీ బాగున్నట్టేనా? సెల్ఫ్ మోటార్ (ఇంజిన్‌ని మొదట తిప్పి స్టార్ట్ చేసేది) విప్పించాలా?

పన్నెండు వోల్టులు
హారన్ మోగితే బ్యాటరీ బాగున్నట్టు కాదండి. హారన్‌కి కొద్ది యాంపియర్లు చాలు. సెల్ఫ్‌కి చిన్న పెట్రోల్ కారులోనే వంద దాటుతాయి, డీజిల్‌కి ఇంకా ఎక్కువ.

టిక్‌టిక్ ఎందుకొస్తుందంటే, తాళం తిప్పగానే సోలినాయిడ్ (సెల్ఫ్‌కి కరెంటు కలిపే అయస్కాంత స్విచ్) తన లోపలి కడ్డీని, అంటే ప్లంజర్‌ని లాగి రాగి కాంటాక్టులు కలుపుతుంది. మోటార్ ఒక్కసారిగా కరెంటు గుంజుతుంది. సరఫరా నీరసంగా ఉంటే వోల్టేజి కూలిపోయి, ప్లంజర్‌ని పట్టి ఉంచే బలం చాలదు, స్ప్రింగ్ వెనక్కి తోసేస్తుంది. లోడ్ పోగానే వోల్టేజి లేస్తుంది, మళ్లీ లాగుతుంది. అంటే మీ సోలినాయిడ్ పని చేస్తోందనే. సెల్ఫ్ జోలికి అప్పుడే పోకండి.

మల్టీమీటర్‌ని 20 వోల్టుల డీసీలో పెట్టండి. బండి రాత్రంతా ఆగాక 12.6 ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగం, 11.9 అంటే దాదాపు ఖాళీ. తర్వాత ఒకరిని తాళం తిప్పమని చూడండి. 9.6 కంటే కిందకి పడిపోతే బ్యాటరీని అనుమానించాలి. 12 దగ్గరే నిలబడి టిక్‌టిక్ అంటుంటే బ్యాటరీకి, సెల్ఫ్‌కి మధ్య దారిలో ఎక్కడో అడ్డుంది.

ఎండకాలం
మూడేళ్లు నిండిందంటే మన ఎండలకి అయిపోయినట్టే. కొత్తది వేయించేయండి, గొడవ వదులుతుంది.

ఎర్త్‌వైరు
అంత తొందరెందుకండీ. టెర్మినల్ వదులై ఉంటే కొత్త బ్యాటరీ వేసినా అదే టిక్‌టిక్. కొత్తది బిగించేటప్పుడు క్లాంపు శుభ్రం చేస్తారు కాబట్టి బండి స్టార్టవుతుంది, ఘనత బ్యాటరీకి పోతుంది.

మీటరు వైర్ల కొసలు ఎక్కడ పెడుతున్నారన్నది ముఖ్యం. ఒకటి బ్యాటరీ మీది సీసపు పోస్టు నడినెత్తిన, రెండోది ఆ పోస్టుని పట్టి ఉంచే వైరు క్లాంపుకి ఆనించి తాళం తిప్పించండి. దాదాపు సున్నా రావాలి. అర వోల్టు కనిపించినా ఆ అతుకే దొంగ. పైకి తళతళలాడే క్లాంపు లోపలి వైపు నల్లటి పొర కట్టి ఉండటం మామూలే. 10 నంబరు పానాతో ముందు మైనస్, తర్వాత ప్లస్ విప్పండి. తెల్లగానో, పచ్చగానో పొడి ఉంటే వంట సోడా కలిపిన నీళ్లతో కడిగి ఆరనిచ్చి, పోస్టునీ క్లాంపు లోపలినీ మెరిసేదాకా ఎమరీ పేపర్‌తో రుద్దండి. సోడా నీళ్లు సెల్ మూతల్లోంచి లోపలికి పోకూడదు. బిగించేటప్పుడు ప్లస్ ముందు, మైనస్ చివర. గ్రీజు బిగించాక పైన రాయాలి, మధ్యలో కాదు.

తర్వాత మైనస్ పోస్టు నుంచి ఇంజిన్ దిమ్మ మీద పెయింట్ లేని చోటికి అదే పరీక్ష. అక్కడా అర వోల్టు దాటకూడదు. దాటితే బ్యాటరీ మైనస్‌ని బాడీకి, ఇంజిన్‌కి కలిపే ఎర్త్ వైరు పోయింది.

ఆటోనగర్ కార్బన్
వరసగా టిక్‌టిక్ కాకుండా ఒక్కటే గట్టిగా ‘టక్’ అని ఆగిపోతే లెక్క వేరు. హెడ్‌లైట్లు వేసి తాళం తిప్పండి. కాంతి తగ్గకుండా టక్ మంటే కరెంటు మోటార్‌లోకి పోవట్లేదు. సోలినాయిడ్ కాంటాక్టులు కాలిపోయి ఉండాలి, లేదా మోటార్ లోపల తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్లు అరిగి ఉండాలి. పానాతో మోటార్ ఒంటి మీద మెల్లగా తడితే ఒకసారి తిరిగిందంటే కార్బన్లేనని అనుకోవచ్చు. ఆ చిట్కా ఇల్లు చేరడానికి తప్ప రిపేరు కాదు. చాలాసార్లు కార్బన్లు, బుష్షులు, కాంటాక్టులు మారిస్తే సరిపోతుంది, మోటార్ మొత్తం కొనక్కర్లేదు. విప్పే ముందు బ్యాటరీ మైనస్ తీయడం మరవొద్దు. సెల్ఫ్ మీది లావు వైరులో తాళం తీసినా కరెంటు ఉంటుంది.

వాన నీళ్లలో మునిగిన బండి టక్ మని ఆగిపోతే మాత్రం ఇంకోసారి తాళం ముట్టుకోవద్దు. సిలిండర్‌లో నీళ్లుంటే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ముందు స్పార్క్ ప్లగ్గులు విప్పించి నీళ్లు తీయించాలి.

నల్లరేగడి
కొలిచాను. రాత్రి ఆగాక 12.5. తాళం తిప్పితే పోస్టుల మీద 12 చుట్టూ ఆడుతోంది. మైనస్ పోస్టు నుంచి ఇంజిన్‌కి 3, 4 మధ్య అంకె ఎగురుతోంది. బ్యాటరీ మార్చనక్కర్లేదా?

ఎర్త్‌వైరు
ఇప్పటికి వద్దు. జంప్ కేబుల్లో (ఇంకో బండి బ్యాటరీ నుంచి కరెంటు తెచ్చుకునే లావు వైర్ల జత) నల్లది ఒక్కటే తీసుకుని ఒక చివర మైనస్ పోస్టుకి, రెండో చివర ఇంజిన్‌ని ఎత్తడానికి ఉండే ఇనుప కొక్కేనికి పెట్టి తాళం తిప్పండి. స్టార్టయితే తేలిపోయినట్టే. పైన ప్లాస్టిక్ రంగు పూసిన సన్న కేబుళ్లు ఈ పనికి రావు, లోపల పిడికెడు తీగ కూడా ఉండదు.

ఇంకో గుర్తు: ఎర్త్ సరిగా లేనప్పుడు కరెంటు క్లచ్ కేబుల్, గేర్ కేబుల్ లాంటి వాటి గుండా దారి వెతుక్కుంటుంది. తాళం తిప్పాక అవి వేడెక్కితే ఇక ఆపేయండి, కాలిపోతాయి.

పన్నెండు వోల్టులు
స్టార్టయ్యాక పోస్టుల మీద 13.8 నుంచి 14.4 వస్తోందా చూడండి, లేదంటే ఆల్టర్నేటర్ చార్జింగ్ కూడా చూడాలి. ఎండకాలం గారూ, మీ మాట పూర్తిగా తప్పనను, బ్యాటరీ నీరసపడే దారులూ ఉన్నాయి. బండి ఆగి ఉన్నప్పుడు 50 మిల్లీ యాంపియర్లు లాగినా రోజుకి 1.2 యాంపియర్ అవర్లు, నెలలో 36. ఈ బ్యాటరీ మొత్తం అంతే. ఆపకుండా వదిలేసిన డాష్‌క్యామ్ ఉంటే వారం కూడా పట్టదు.

నల్లరేగడి
నల్ల కేబుల్ పెట్టగానే ఒక్క తిప్పుకి స్టార్టయింది. చార్జింగ్ 14.1. ఎర్త్ వైరు ఎంత లావుది వేయించాలి?

ఆటోనగర్ కార్బన్
పాతదానికి తగ్గకూడదు. లగ్గులు (వైరు కొసన బోల్టుకి బిగించే రింగులు) ప్రెస్ చేసినవి అడగండి, సుత్తితో నలిపినవి ఆర్నెల్లకే వదులవుతాయి. బాడీ వైపు బోల్టు కింద తుప్పూ పెయింటూ గీకి, గేర్‌బాక్స్ వైపు కొస మీద చేరిన ఆయిల్ తుడిచి బిగించమనండి.