నాన్నను చూసుకోవడానికి పని మానేశాను. చూసుకునేవాళ్ల పేరు మీద ప్రభుత్వం ఏమైనా ఇస్తుందా?

చిన్నోడు_31:

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ చదవడమే తప్ప ఇక్కడ రాయడం ఇదే మొదలు.

మా నాన్నకి 67. రెండేళ్ల కిందట పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట కొంచెం తిరిగొచ్చింది గానీ ముద్దముద్దగా ఉంటుంది, నాకు తప్ప ఎవరికీ అర్థం కాదు. మాది ఆంధ్రాలో ఒక పల్లెటూరు. అమ్మ లేదు. అక్క అత్తారింట్లో ఉంటుంది, పండక్కి వస్తుంది. నేను సెల్‌ఫోన్ రిపేరు షాపులో నెలకి 14 వేలకి చేసేవాణ్ణి. మొదట్లో పొద్దున్నే అన్నీ చేసి షాపుకి వెళ్లి, మధ్యాహ్నం ఒకసారి వచ్చి చూసి వెళ్లేవాణ్ణి. ఒకరోజు వచ్చేసరికి మంచం పక్కన నేల మీద ఉన్నారు. ఎప్పుడు పడ్డారో ఆయనకే తెలీదు. ఆ రోజుతో షాపు మానేశాను. ఇప్పుడు ఇంట్లోనే ఊళ్లోవాళ్ల ఫోన్లు బాగుచేస్తున్నాను. వస్తే వచ్చినట్టు, లేకపోతే లేనట్టు.

నాన్నకి వృద్ధాప్య పింఛను 4 వేలు వస్తోంది. డైపర్లకీ మందులకీ అది ఏ మూలకీ చాలదు.

మా పిన్ని కొడుకు లండన్‌లో ఉంటాడు. అక్కడ ఇలా ఇంట్లో మనిషిని చూసుకునేవాళ్లకే వారం వారం డబ్బులిస్తారట, వాడు చెప్పాడు. మన దగ్గర అలాంటిదేమైనా ఉందా? ఉంటే నా పేరు మీద ఎక్కడ పెట్టుకోవాలి? మా ఊరి సచివాలయంలో అడిగితే ఒకాయన నవ్వాడు. తప్పుగా నవ్వలేదు లెండి, పాపం ఆయనకీ అలాంటి ప్రశ్న కొత్త.

కోడలు_నంబర్_టూ:

మా అత్తగారిని ఆరేళ్లుగా నేనే చూస్తున్నాను. మన పేరు మీద పైసా రాదు. మీరు మగాడు కాబట్టి పని మానేశానని లెక్క చెప్పగలిగారు. మేం మానేసింది పని కిందే ఎవరూ రాయలేదు. మీ మీద కోపం కాదండీ. ఏమైనా ఉందని తెలిస్తే నాకూ చెప్పండి.

కుట్టుమిషను_అక్క:

తమ్ముడూ, నువ్వు రాసింది చదివి రెండు జాకెట్లు పక్కన పడేసి కూర్చున్నాను.

ముందు ఒక మాట. నీ పేరు మీద వెతకడం మానెయ్. నేనూ ఏడాది తిరిగాను అలాగే. ఆ లండన్ డబ్బుకి వారానికి 35 గంటలు చూసుకోవాలన్నది షరతట. మనకి రోజుకే 35 గంటలున్నా చాలవు. మన దగ్గర వచ్చేదేదైనా మంచంలో ఉన్న మనిషి పేరునే వస్తుంది. కాబట్టి నీ తిరుగుడంతా మీ నాన్న కాగితాల మీద పెట్టు.

మా ఆయన సెంట్రింగ్ పనిలో రెండో అంతస్తు నుంచి పడ్డాడు, 2017లో. నడుం కింద స్పర్శ లేదు. మాకు మొదట దివ్యాంగుల పింఛను వచ్చేది. 2020లో మంచానికే పరిమితమైనవాళ్లకి 5 వేలు అన్నారు, అందులోకి మార్చారు. 2024 జూలై నుంచి అదే 15 వేలు అయింది. పక్షవాతంతోనో ప్రమాదంతోనో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్లకీ, కండరాల క్షీణత ముదిరినవాళ్లకీ ఇది. మీ నాన్న ఈ కోవలోకి రావచ్చు. నీకొచ్చే 4 వేలు 'ముసలాయన' అని ఇస్తున్నవి. ఆయన మంచంలో ఉన్నాడన్న సంగతి ఆ కాగితంలో ఎక్కడా లేదు. ఒక మనిషికి ఒకటే పింఛను కాబట్టి అది పోయి ఇది రావాలి.

దీనికి ముందు సదరం సర్టిఫికెట్ ఉండాలి, అంటే వైకల్యం ఎంత శాతమో రాసిచ్చే కాగితం. సచివాలయంలోనో మీసేవలోనో స్లాటు బుక్ చేస్తారు. ఆస్పత్రిలో బోర్డు వాళ్లు చూసి శాతం వేస్తారు. ఇచ్చాక దాని మీద తాత్కాలికం అని ఉందో శాశ్వతం అని ఉందో అక్కడే నిలబడి చదువుకో. తాత్కాలికం అయితే గడువు తేదీ ఉంటుంది. మేం చదవలేదు. గడువు అయిపోయాక తెలిసింది. మళ్లీ ఆటో, మళ్లీ లైను.

ఇంకొకటి చెప్తాను. ఇది నేను ఎవరికీ చెప్పుకోలేదు. 2025లో 15 వేలు తీసుకునేవాళ్లందరినీ మళ్లీ పరిశీలించారు కదా, డాక్టర్లు ఇంటికే వచ్చారు. వాళ్లొస్తున్నారని తెలిసి మా ఆయన పొద్దున్నే గడ్డం గీయించుకున్నాడు. ఉతికిన చొక్కా వేయమన్నాడు. వీపు వెనక మూడు దిండ్లు పెట్టించుకుని గోడకి ఆనుకుని, అచ్చం పెళ్లిచూపులకొచ్చిన మావగారిలా కూర్చున్నాడు. డాక్టరు లోపలికి వచ్చి, "బాగానే కూర్చుంటున్నారే" అన్నాడు. ఈయన నవ్వాడు. నాకు గుండె జారిపోయింది. దగ్గరికి వెళ్లి దిండ్లు మూడూ లాగేశాను. ఒక పక్కకి ఒరిగి మంచం కోడు మీద పడబోతే ఆ డాక్టరే పట్టుకున్నాడు. పింఛను పోకుండా నిలబడింది. ఈయన రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

మీ నాన్న కూడా అలాగే చేస్తాడు చూడు. నలుగురి ముందు బాగున్నట్టు కనపడాలని ఎవరికుండదు! ఆస్పత్రికి వెళ్లే ముందురోజు రాత్రే చెప్పు, రేపు మనం పరువు కోసం వెళ్లట్లేదు నాన్నా అని. డిశ్చార్జి కాగితం, స్కానింగు రిపోర్టు, ఇప్పుడు వాడే మందుల చీటీ, అన్నీ ఒక కవర్లో పెట్టుకో. ఎవరు తినిపిస్తున్నారు, బాత్రూముకి ఎలా, రాత్రి ఎన్నిసార్లు లేస్తావు అని అడిగితే ఉన్నదున్నట్టు చెప్పు. ఎక్కువ చెప్పక్కర్లేదు, సిగ్గుపడి తక్కువ మాత్రం చెప్పకు.

సెక్షన్_24:

అక్క చెప్పిన దారే సరైనది. చట్టం సంగతి మాత్రం నేను చెప్తాను, ఎందుకంటే మా చెల్లి కోసం నేను ఇవన్నీ కంఠతా పట్టాను.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో సంరక్షకులు అంటే ఎవరో రాశారు. జీతం తీసుకున్నా తీసుకోకపోయినా, తల్లిదండ్రులూ ఇంట్లోవాళ్లూ అందరూ వస్తారు. అంటే చిన్నోడు గారూ, చట్టం ప్రకారం మీరు ఉన్నారు. 24వ సెక్షన్‌లో, ఎక్కువ సాయం అవసరమైన వికలాంగులకి సంరక్షకుల భత్యం ఉండాలని కూడా ఉంది. కానీ అది రాష్ట్రాలు తమ స్తోమతుని బట్టి పథకం పెట్టుకోవాలన్న పద్ధతిలో ఉంది. పెట్టినవాళ్లు పెట్టారు. కేరళలో ఆశ్వాసకిరణం అని ఒకటుంది, మంచాన ఉన్నవాళ్లని చూసుకునేవాళ్లకి నెలకి 600. అక్క కుట్టే రెండు జాకెట్ల కూలి అనుకోండి. అయినా ఆ డబ్బు చూసుకునే మనిషి పేరు మీద వస్తుంది, నాకు అదే గొప్పగా అనిపిస్తుంది.

మా చెల్లిది మానసిక ఎదుగుదల లోపం. అలాంటివాళ్లకీ, ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, ఒకటికి మించి వైకల్యాలు ఉన్నవాళ్లకీ 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం వేరే ఉంది. పద్దెనిమిదేళ్లు దాటాక కలెక్టర్ ఉండే కమిటీ ద్వారా వాళ్లకి గార్డియన్‌ని నియమించుకోవచ్చు. నిరామయ అని లక్ష రూపాయల దాకా ఆరోగ్య బీమా ఉంది. పక్షవాతం దీనిలోకి రాదు, చదివేవాళ్లలో ఎవరికైనా పనికొస్తుందని రాశాను.

మీ అక్క ఉద్యోగం చేస్తూ ఆదాయపు పన్ను కడుతుంటే ఇంకొకటి. మీ నాన్న ఆమె మీద ఆధారపడి ఉంటే, పన్ను లెక్కేసే ఆదాయంలోంచి మినహాయింపు ఉంది. 40 శాతం వైకల్యం దాటితే 75 వేలు, 80 దాటితే లక్షా 25 వేలు. ఎంత ఖర్చయిందన్న లెక్కతో పని లేదు. పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకే ఇది. పండక్కి వచ్చే అక్కగారికి ఈ మాట చెప్పి చూడండి, మినహాయింపు కోసమైనా నెలకింత పంపుతారేమో.

ఓరుగల్లు_పిల్ల:

తెలంగాణలో ఈ 15 వేల కోవ ఉన్నదా? మా మేనమామ కూడా మంచంలనే ఉన్నడు.

సెక్షన్_24:

మీ దగ్గర ఆసరా (ఇప్పుడు చేయూత అంటున్నారు) పింఛను కింద దివ్యాంగులకి 4,016. 2023లో 3,016 నుంచి పెంచారు. మంచాన ఉన్నవాళ్లకని విడిగా లేదు. దానికీ సదరం కావాలి, ముందు అది చేయించండి.

ఫైలు_కదిలింది:

నేను సచివాలయంలోనే పనిచేస్తాను. నవ్వింది నేను కాదు.

రెండు ముక్కలు. సదరం 40 శాతం దాటితే దివ్యాంగుల పింఛను 6 వేలు. 15 వేల కోవకి శాతం ఒక్కటే చాలదు, మనిషి నిజంగా మంచానికో కుర్చీకో పరిమితమయ్యాడా అన్నది వైద్యాధికారులు చూస్తారు. మార్పులు, కొత్త దరఖాస్తులు ఎప్పుడు తీసుకుంటారన్నది పైనుంచి వచ్చే ఆదేశాల మీద ఉంటుంది. మీ వెల్ఫేర్ అసిస్టెంటుని పది రోజులకొకసారి పలకరిస్తూ ఉండండి, విసుక్కున్నా సరే. రేషన్ కార్డులో కారు, 300 యూనిట్లు దాటిన కరెంటు, ప్రభుత్వ ఉద్యోగి ఇలాంటివి ఎవరి పేరునైనా తగిలి ఉన్నాయేమో ముందే చూయించుకోండి. పెళ్లయిన మీ అక్క పేరు ఇంకా మీ కార్డులోనే ఉండి, బావగారి ఉద్యోగం వల్ల ఫైలు ఆగడం నేను చాలా చూశాను. ఎక్కడా కదలకపోతే సోమవారం కలెక్టరేటులో అర్జీ ఇవ్వండి, రసీదు జాగ్రత్త.

చిన్నోడు_31:

నాలుగు నెలల తర్వాత రాస్తున్నాను, క్షమించాలి. రాయకూడదని కాదు, ఏదో ఒకటి తేలాక రాద్దామని.

ఫైలు గారు చెప్పినట్టే అక్క పేరు మా కార్డులోనే ఉంది! అది తీయించడానికే నెల పట్టింది. తర్వాత సదరం స్లాటు దొరికింది. ఆటోలో వెనక సీటు తీసేసి పరుపు వేసి తీసుకెళ్లాను. కుట్టుమిషను అక్కా, నువ్వన్నట్టే రాత్రి చెప్పాను నాన్నకి. సరేనన్నారు. పొద్దున డాక్టరు గారు "కుడి చెయ్యి ఎత్తండి" అనగానే ఎడమ చేత్తో కుడి మణికట్టు పట్టుకుని పైకెత్తి చూపించారు, ఎంతో కష్టపడి. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. డాక్టరు గారు మంచివారు, ఆమే నెమ్మదిగా దించారు.

తర్వాత వేలిముద్ర అన్నారు. నాన్న కుడి చెయ్యి ఎప్పుడూ పిడికిలి బిగుసుకునే ఉంటుంది. ఆ పిడికిలి నేను రోజూ విప్పుతాను, చిటికెన వేలు నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కటీ, లేకపోతే గోళ్లు అరచేతిలో దిగిపోతాయి. బొటనవేలు అన్నిటికన్నా కింద నలిగి ఉంటుంది, చివరికి గానీ బయటికి రాదు. అక్కడ కుర్రాడు తొందరపడి లాగబోయాడు. ఆగు బాబూ అని నేనే విప్పాను. వెనక లైన్లో జనం గొణుగుతున్నారు. చెమటకి మెత్తబడి ముద్ర పడనేలేదు. చివరికి ఎడమ చేతిది తీసుకున్నారు. అరచేతిలో మెత్తటి గుడ్డ చుట్టి పెట్టమని డాక్టరు గారు చెప్పారు, ఇప్పుడు పాత లుంగీ ముక్క పెడుతున్నాను, కాస్త నయం.

82 శాతం వేశారు. శాశ్వతం. అక్కడే నిలబడి రెండుసార్లు చదివాను. పింఛను మార్పుకి కాగితాలు ఇచ్చాను, ఇంకా పరిశీలనలో ఉందంటున్నారు. ఒకటో తారీకున ఇంటికి 4 వేలు తెచ్చిచ్చినప్పుడల్లా అడుగుతున్నాను.

కోడలు గారూ, మీరడిగింది గుర్తుంది. ఆ రోజు ఇచ్చిన కాగితాలన్నీ తిరగేశాను. చూసుకునేది ఎవరు అని ఎక్కడా అడగలేదు. వెంట వచ్చినవారి సంతకం అని కింద ఒక గీత ఉంటే, దాని మీద పెట్టాను.