1928లో 2.6 శాతం, 1932లో 37.3 శాతం: నాలుగేళ్లలో జర్మన్లు నాజీల వైపు ఎలా మళ్లారు?

మొదటి ప్రపంచ యుద్ధంలో ఓటమి, ఆ తర్వాత జర్మనీ మీద రుద్దిన వెర్సాయ్ ఒప్పందం, డబ్బు విలువ పడిపోవడం, అందుకే హిట్లర్ వచ్చాడు అని అందరూ చెప్పేస్తారు. నాకు ఆ లెక్క కుదరడం లేదు. డబ్బు చిత్తు కాగితమైపోయింది 1923లో. ఒప్పందం అంతకంటే పాతది, 1919 నాటిది. అయినా 1928 ఎన్నికల్లో నాజీలకు వచ్చింది 2.6 శాతమే! 1930లో 18.3, 1932 జులైలో 37.3.

మధ్యలో మాంద్యం వచ్చింది, 1932 మొదట్లో నిరుద్యోగులు 60 లక్షలు దాటారు, నిజమే. కానీ ఉద్యోగం పోయిన కార్మికులు ఎక్కువగా కమ్యూనిస్టుల వైపు వెళ్లారంటారు. నాజీలకు గట్టి పట్టు దొరికింది ప్రొటెస్టెంట్ పల్లెల్లో. ఉత్తర జర్మనీలోని ష్లెస్విగ్-హోల్‌స్టైన్‌లో సగానికి పైగా ఓట్లు వాళ్లకే. క్యాథలిక్ ప్రాంతాల్లో మాత్రం క్యాథలిక్కుల పార్టీ అయిన సెంటర్ పార్టీ ఓటు పెద్దగా చెదరలేదు.

మరి ఆ రైతుల్ని, చిన్న వ్యాపారుల్ని అటు తోసిందేంటి? అప్పులా, కమ్యూనిస్టుల భయమా, పాత పార్టీల మీద విసుగా? యూదు ద్వేషం చూసి ఓటేశారా, దాన్ని పట్టించుకోకుండా వేశారా? నాకు ఈ చివరిదే అసలు ప్రశ్న అనిపిస్తుంది. ఈ కాలం గురించి లోతుగా చదివినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి, ప్లీజ్. "హిట్లర్ మంచి వక్త" అన్న జవాబు మాత్రం వద్దు, 1928లోనూ ఆయనే కదా మాట్లాడింది!