సమస్యాపూరణం: “నావ నేలమీద నడచె నౌర!”

నిర్వాహకుడు (బరంపురం):
పైన ఇచ్చిన పాదమే ఈ వారపు సమస్య. అది ఆటవెలది పద్యంలో నాలుగవ పాదం, ముందు మూడు పాదాలు కట్టి దానికి అర్థం కుదర్చడమే పూరణ. పూరణలు ఒడిశాలోని చిలికా సరస్సులో తెరచాప పడవ మీద తిరిగిన అనుభవాన్ని దాటిపోకూడదని నా కోరిక. వేసవిలో సుమారు 900, వానకాలంలో సుమారు 1,165 చదరపు కిలోమీటర్ల మేర పరచుకొనే ఆ నీటిలో చాలాచోట్ల మనిషి నిలువెడు లోతైనా ఉండదు. పదేళ్ల వయసులో దాని ఒడ్డునున్న రంభ అనే ఊరి నుండి బయలుదేరిన పడవలో, చాప నిండుగా గాలి పట్టి ఉండగానే అడుగు చెక్కలు బురదను రాసుకుంటూ చేసిన చప్పుడు విని నేను భయపడితే, చుక్కాని పట్టిన పెద్దాయన “నేల పలకరిస్తోంది, అంతే” అన్నాడు. సమస్య అప్పటిది.

సభ్యుడు (ఛత్రపురం):
చెట్టు నీడలోన చేసిన పడవను
భుజము మీద మోసి పోవుచుండ
బెస్తపిల్లలెల్ల పెద్దగా నరచిరి
“నావ నేలమీద నడచె నౌర!”

నిర్వాహకుడు:
సమస్యలోని విరుద్ధాన్ని మీరు సులువుగా విడదీశారు. మోసేవారి తలలు పడవ కింద దాగిపోయి కాళ్లు మాత్రమే కనబడే దృశ్యం పిల్లల కేకతో కళ్లకు కట్టింది. రెండవ పాదంలో భకారానికి పకారంతో యతి (పాదం మొదటి అక్షరానికి నడుమ ఒక అక్షరంతో మైత్రి) చెల్లింది గానీ, మోసినవారెవరో పద్యంలో ఎక్కడా లేదు. “పల్లెవారు భుజముపైని మోయ” అంటే కర్త దొరుకుతాడు, యతికీ లోటు రాదు.

సభ్యుడు (బాలుగావ్):
నాది పూర్తి కాలేదు. గాలి పడిపోయాక అందరూ దిగి పడవను బురదలో నెట్టడం విషయం. రెండవ పాదం “గాలి లేక తెడ్డు వేయుచుండ” అని కుదిరింది.

నిర్వాహకుడు:
గణాలు (గురులఘువుల కూర్పులు) కుదిరాయి, ‘గా’కు ‘వే’తో యతి కుదరలేదు. పైగా బురద తగిలిన చోట తెడ్డుతో పని లేదు, గడ (పొడవాటి కర్ర) మోపవలసిందే. “గాలి లేకపోవఁ గడను మోప” అని మార్చి తక్కిన రెండు పాదాలు పంపండి.

సభ్యురాలు (పర్లాకిమిడి):
తేటనీట దిగిన తెరచాప నీడ తా
మట్టిఁ దాకి సాగ, మసక లేని
వేళ చిలికలోన విహరించువారికి
నావ నేలమీద నడచె నౌర!

నిర్వాహకుడు:
ఇంతవరకు వచ్చినవాటిలో నాకు మిక్కిలి నచ్చినది ఇదే. దయా, భార్గవి వంటి ఏరులు ఒండ్రు తెచ్చి కలిపే ఉత్తరభాగంలో ఈ నీడ కనబడదు కనుక, రంభ వైపు శీతకాలపు ఉదయాన్ని కళ్లారా చూసినవారే “మసక లేని వేళ” అనగలరు. పడవ మీద కూర్చున్నవాడు నీటిని గాక, దాని అడుగున గడ్డి మీదుగా ఒరుగుతూ పోయే చాప నీడనే చూస్తాడు. “తా” మాత్రం పాదపూరణ కోసం తెచ్చినది. “నీడయే” అంటే గణం చెడదు, నడిచినది నీడ మాత్రమే అని నొక్కి చెప్పే అవధారణ కూడా వస్తుంది.

సభ్యురాలు (పర్లాకిమిడి):
సవరణ శిరోధార్యం. ఒడియావారు చివర దీర్ఘంతో పలికే ‘చిలికా’ను ఛందస్సు కోసం హ్రస్వం చేశాను, మన్నించాలి.

సభ్యుడు (రంభ, విశ్రాంత ఉపాధ్యాయుడు):
అరువదేండ్లు చిలిక యలలపైఁ దిరిగిన
తాత నేల దిగియు తడబడంగఁ
బట్టి మనుమరాలు పకపక నవ్వెను
“నావ నేలమీద నడచె నౌర!”

కల్పన ఏమీ లేదు. 1981లో చిలికా అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలల రామ్‌సార్ జాబితాకు ఎక్కిననాడూ, పూడిక వల్ల ఉప్పునీటి రాకపోకలు తగ్గి కలుపు కమ్ముకోగా 2000లో సముద్రానికి కొత్త ముఖద్వారం తవ్విననాడూ నేను చాప పడవ మీదనే ఉన్నాను. మోటారు పెట్టుకొమ్మని అందరూ అన్నారు, చప్పుడు పడక మానుకొన్నాను. ఇప్పుడు రేవులో దిగాక కాసేపు నేలే ఊగుతుంది.

నిర్వాహకుడు:
మాస్టారూ, పద్యం పండింది. ఒక్క సందేహం: మూడవ పాదంలో మనుమరాలు పట్టుకొన్నది దేనిని? పట్టి అంటే బిడ్డ అనే అర్థం కూడా ఉండడం చేత చదువరి తడబడతాడు. “చేయి పట్టి పిల్ల చిందులు వేయుచు” అంటే ఎలా ఉంటుంది?

సభ్యుడు (రంభ):
పిల్ల అంటే ఎవరి పిల్లైనా కావచ్చు, నా మనుమరాలిని వదులుకోలేను. ఆమె చిందులు కూడా వేయలేదు, నేను పడిపోతానేమోనని గట్టిగా పట్టుకొని నవ్వింది. ప్రాసయతిని (యతి అక్షరాలకు బదులు వాటి తరువాతి అక్షరాలు కలవడాన్ని) అంగీకరిస్తే ఇలా సవరిస్తాను:

అరువదేండ్లు చిలిక యలలపైఁ దిరిగిన
తాత నేల దిగియు తడబడంగఁ
గేలుఁ బట్టి మనుమరాలు పలికె నవ్వి
“నావ నేలమీద నడచె నౌర!”

నిర్వాహకుడు:
కేలు (చేయి), రాలు: ‘లు’కు ‘లు’ కలిసింది. ఆటవెలదికి ప్రాసయతి చెల్లుతుంది, నా సవరణను వెనక్కు తీసుకొంటున్నాను. బాలుగావ్ సోదరుని రెండు పాదాలు ఇంకా రావలసి ఉంది.