స్టాక్ మొత్తం సరిపోతోంది, బిన్‌లలో మాత్రం ప్రతిసారీ 12 తేడా. ఎక్కడ వెతకాలి?

సాయంత్రం 5 నుంచి 9 దాకా గోడౌన్‌లో స్టాక్ తేడాలు సరిచేసే పార్ట్‌టైమ్ పని నాది. ఒక ఐటమ్ రెండు వారాలుగా తేలడం లేదు. కార్టన్‌కి 12 పీసులు. పికింగ్ బిన్‌లో (ఆర్డర్లకి పీసులు తీసే కింది అర) సిస్టమ్ 30 చూపిస్తే లెక్కకి 42 వస్తున్నాయి, నిల్వ కార్టన్లు ఉంచే పై ర్యాక్‌లోని రిజర్వ్ లొకేషన్‌లో సరిగ్గా 12 తక్కువ. రెండూ కలిపితే సరిపోతుంది. అంటే సరుకు పోలేదు, కిందకి దించిన ఒక కార్టన్ ఎంట్రీ పడటం లేదు.

సిస్టమ్ సంఖ్య చూడకుండా ఇద్దరం విడివిడిగా లెక్కపెట్టాం. ఐటమ్ మాస్టర్‌లో (సిస్టమ్‌లో ఐటమ్ వివరాలుండే రికార్డు) కార్టన్‌కి 12 అనే ఉంది. కార్టన్ బార్‌కోడ్, పీస్ బార్‌కోడ్ రెండూ స్కానర్ సరిగ్గానే చదువుతోంది. పక్క బిన్‌లు కూడా వెతికాను. అడ్జస్ట్‌మెంట్ వేస్తే, అంటే సిస్టమ్ సంఖ్యని లెక్కకి తగ్గట్టు మారిస్తే, రెండు రోజులు బాగుంటుంది, మూడో రోజు మళ్లీ అదే 12. అలా వేసుకుంటూ పోతే అసలు తప్పు కప్పబడిపోతుందని ఆపేశాను.

హిస్టరీలో రాత్రి 11 తర్వాతి రీప్లెనిష్‌మెంట్ టాస్క్ (పై నుంచి బిన్‌లోకి సరుకు దించే పని) 24 పీసులకే పూర్తయినట్టుంది. కానీ నిన్న బిన్ పక్కన కొత్తగా టేపు కోసిన ఖాళీ కార్టన్లు మూడున్నాయి.

టాస్క్ లేకుండానే మూడో కార్టన్ దించుతున్నారా, లేక వైఫై అందని చోట ఆ స్కాన్ పోతోందా? ఇది తేల్చాలంటే ముందు ఏ రికార్డు చూడాలి?