బిల్లింగ్ యాప్‌లో సొంత బ్రౌజర్ ఇంజిన్ మోయాలా, సిస్టంలో ఉన్నదాంతో సరిపెట్టాలా?

మిర్చియార్డు: ఎరువుల షాపు కోసం బిల్లింగ్ యాప్ రాస్తున్నాను. ఎలక్ట్రాన్‌లో (వెబ్ పేజీలు రాసినట్టే రాసి డెస్క్‌టాప్ యాప్ చేసే టూల్) చేస్తే క్రోమియం, అంటే క్రోమ్ బ్రౌజర్ వెనకున్న ఇంజిన్, మొత్తం వెంట వస్తోంది, షాపాయన పీసీలో ఉన్నది 4 జీబీ ర్యామ్. అలాంటిదే ఇంకో టూల్ టౌరీ అయితే విండోస్‌లోని వెబ్‌వ్యూ2నే (యాప్‌లలో వెబ్ పేజీలు చూపించే భాగం) వాడుకుంటుంది, ఫైలు చిన్నది. ఏం చేయమంటారు?

రాత్రిషిఫ్టు: ఎలక్ట్రాన్. టౌరీ విండోస్‌లో క్రోమియం మీద, మ్యాక్‌లో ఆపిల్ ఇంజిన్ వెబ్‌కిట్ మీద, లైనక్స్‌లో దాని ఇంకో రూపం వెబ్‌కిట్‌జీటీకే మీద నడుస్తుంది. ఒకే స్క్రీను మూడుసార్లు సరిచూసుకోవాలి. పైగా ఆ ఇంజిన్ ఎప్పుడు మారుతుందో మన చేతిలో లేదు. 2021 మార్చిలో ఆండ్రాయిడ్ వెబ్‌వ్యూ అప్‌డేట్ తేడా కొట్టి ఎన్ని యాప్‌లు తెరవగానే మూసుకుపోయాయి!

పాతకోడు: మరి సొంతంగా పెట్టుకున్న ఇంజిన్‌కి ప్యాచ్‌లు ఎవరేస్తారు? ఎలక్ట్రాన్ 8 వారాలకో పెద్ద వెర్షన్ వదులుతుంది, చివరి మూడింటినే పట్టించుకుంటుంది. ఇదివరకు నేను పనిచేసిన చోట రెండేళ్లు ఒకే వెర్షన్‌తో నెట్టుకొచ్చారు. అడిగితే "నడుస్తోందిగా" అన్నారు.

గుండ్రటిలిపి: తెలుగు కోసమైనా ఎలక్ట్రానే. 2018లో ఐఫోన్లో "జ్ఞా" వస్తే యాప్‌లు పడిపోలేదా? వెబ్‌కిట్ ఘనత.

పాతకోడు: అది వెబ్‌కిట్ కాదు, కోర్ టెక్స్ట్, అంటే ఆపిల్‌లో అక్షరాలు పేర్చి చూపించే భాగం. అందుకే మెసేజ్ యాప్‌లూ పడ్డాయి. మామూలుగా "జ్ఞానం" అని రాస్తే ఏమీ కాలేదు, మధ్యలో జడ్‌డబ్ల్యూఎన్‌జే అని, అక్షరాలు కలవకుండా ఆపే, కంటికి కనిపించని గుర్తు ఇరుక్కుంటేనే.

గుండ్రటిలిపి: ఏదైనా ఆపిల్‌దేగా.

పాతకోడు: ఒకే ఇంట్లో ఉంటే అత్తా కోడలూ ఒకరేనా?

రాత్రిషిఫ్టు: ఈ జ్ఞానం ఇక ఆపండి. పాతకోడు గారూ, రాత్రి పదకొండింటికి "బిల్లు రావట్లేదు" అని ఫోనొస్తే ఎత్తేది మీరా? మూడేళ్లు నేనెత్తాను.

పాతకోడు: అదీ సంగతి! నీ నిద్ర కోసం షాపాయన ర్యామ్ కొనుక్కోవాలి.

రాత్రిషిఫ్టు: కొనుక్కోవాలి. ఆయనిచ్చే ఆరు వేలకి యాప్ ఇచ్చా, నిద్ర కూడా ఇస్తానని చెప్పలేదు.

దారినపోయేవాడు: వెబ్‌వ్యూ2లో ఫిక్స్‌డ్ వెర్షన్ కూడా ఉంది. కావలసిన వెర్షన్ యాప్‌తో పాటే పంపొచ్చు.

పాతకోడు: ఆరు వేలిచ్చినా కస్టమర్ కస్టమరే.

మిర్చియార్డు: గొడవపడకండి. ఇవాళ షాపుకెళ్లి చూశాను, పీసీలో విండోస్ 7 ఉంది.

రాత్రిషిఫ్టు: ముందే చెప్పాలి కదండీ! ఎలక్ట్రాన్ 22 తర్వాతి వెర్షన్లు విండోస్ 7లో నడవవు.

పాతకోడు: వెబ్‌వ్యూ2 కూడా దాంట్లో 109వ వెర్షన్ దగ్గరే ఆగిపోయింది.

మిర్చియార్డు: మానిటర్‌కి దసరా బొట్టు ఇంకా అలాగే ఉంది. కొత్త పీసీ మాటెత్తితే ఆయన టీ చెప్పాడు.